శీలావతి పేగులోంచి ఒక కుండెడు

చేప కడుపులో ఏముంటుందని మా పల్నాడులో ఎవర్ని అడిగినా, కోసి పారేసేది అంటారు. చేపల బజారులో కత్తిపీట ముందు కూర్చున్నావిడ ఆ పేగుల్ని ఒక్క గుంజు గుంజి పక్కన పడేస్తే కాకులూ కుక్కలూ వాటాలు వేసుకుంటాయి. నేను ఆ పారేసే సరుకుతో పని పెట్టుకున్నానని తెలిశాక మా చుట్టాల్లో సగంమంది నాకు మతి పోయిందన్నారు. మిగతా సగంమంది ఆ సంగతి ఏనాడో తేల్చేసుకున్నారు కాబట్టి కొత్తగా ఏమీ అనలేదు.

నరసరావుపేటలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో మైక్రోబయాలజీ చెప్తాను. కంటికి కనపడని జీవుల గురించి, కంటికి కనపడని జీతానికి. నా నోటికి ఇంట్లోనూ కాలేజీలోనూ ఆర్టీసీ బస్సుల్లోనూ పేరుంది. వాదన లేకుండా ఒప్పుకున్న విషయం నాకు ఒంటపట్టదు. పెళ్ళిపీటల మీద ముహూర్తం గురించి పురోహితుడితో తగువు పెట్టుకున్నానని మా ఆయన ఇప్పటికీ చెప్తుంటాడు. అబద్ధం. నేను వాదించింది ముహూర్తం గురించి కాదు, హోమం పొగ గురించి.

మా ఆడపడుచుది గురజాల దగ్గర పల్లె. వయసులో నాకంటే చిన్నది, మాటలో సమఉజ్జీ. వాళ్ళది తాతల నాటి నుంచీ మిరప పండించే ఇల్లు. ఆ ఇంటికి కోడలిగా వెళ్ళిన దగ్గర్నుంచీ కోతల కాలమంతా దానికి చేతులు మంట. ఎంత కడిగినా కన్ను నలుపుకోవడానికి లేదు, పిల్ల బుగ్గ ముట్టుకోవడానికి లేదు. నల్ల తామర పురుగు చేలని పిండి వదిలిపెట్టాక, కాలవ పక్కనున్న పొలంలో చేపల చెరువు తవ్విద్దామని పట్టుబట్టింది అదే. మొగుడు వినలేదు. ఇది వదల్లేదు. అన్నం పెడుతూ అడిగింది, పెట్టకుండా అడిగింది, చివరికి తవ్వించింది. బొచ్చె, శీలావతి చేపపిల్లల్ని వదిలారు.

ఆ వానాకాలమంతా పొద్దున్నే గట్టు మీద కూర్చుని కాఫీ తాగుతూ, వెనక నీళ్ళు కనపడేట్టు గ్లాసుకి ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పెట్టేది. కింద ఒక దెప్పుడు మాట తప్పనిసరి. మీ కాలేజీలో ఉందా ఇట్టాంటి గాలి, అని. నేను పరీక్ష పేపర్ల కట్ట ఫోటో తీసి పంపేదాన్ని. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అది అంత తీరిగ్గా కూర్చోవడం నేను చూడలేదు.

చలి ముదిరేసరికి ఫోటోలు ఆగిపోయాయి.

చెరువులో మేత సంచుల్లో పెడతారు. అడుగున చిల్లులు పొడిచిన సంచిలో తవుడూ వేరుశనగ చెక్కా నింపి, నీళ్ళలో పాతిన వెదురు గడలకి వేలాడదీస్తారు. చేపలొచ్చి చిల్లులకి మూతులు ఆనించి లాక్కుంటాయి. వాటి ఆకలి సంగతి సంచి బరువే చెప్తుంది. ఆ చలికాలం సంచులు కట్టినవి కట్టినట్టే, పులిసిన కంపుతో పైకి వస్తున్నాయి. కొన్ని చేపల ఒంటి మీద ఎర్రటి పుళ్ళు లేచాయి. రోజూ ఒకటో రెండో తేలుతున్నాయి.

ఆడపడుచు మొగుణ్ణి నేను అన్నయ్యా అంటాను. మంచివాడు, కానీ మిరప మనిషి. ఆయన దృష్టిలో భూమి మీద ఎర్రగా ఎండకపోతే అది పంటే కాదు. ఇంక చాల్లే అన్నాడట. శివరాత్రి కోటప్పకొండ తిరునాళ్ళు అయ్యేదాకా ట్రాక్టర్లన్నీ కొండకి వెదురు ప్రభలు లాగే పనిలోనే ఉంటాయి, ఆ సందడి తగ్గగానే ప్రొక్లెయిన్ పిలిచి గట్లు పడదోసి చెరువు పూడ్చేసి, తొలకరికి మిరప నారు పోసేస్తానని తేల్చేశాడు.

అదీ సంగతి. తిరునాళ్ళ లోపల చేపలు తిండి తినాలి. లేకపోతే దాని చెరువు పోతుంది.

ఫోన్లో నాకు ఇదంతా చెప్పి, ఏడుస్తుందేమోనని నేను గొంతు మెత్తగా చేసుకుంటుంటే, అది మామూలు గొంతుతోనే అంది. "వదినా, ఇన్నేళ్ళు పురుగుల చదువు చదివావు గదా. ఏందో ఆ చదువు, ఇప్పుడు చూపిచ్చు."

అప్పటికే వాళ్ళు మందుల షాపులో చేపల పొట్టకి మంచిదని ఒక పొడి కొని చల్లారు. మిగిలిన పొడి తెమ్మన్నాను. లోపల కోట్లాది మంచి బ్యాక్టీరియా ఉన్నాయని పాకెట్ మీద అచ్చేశారు. ల్యాబులో సూక్ష్మజీవుల్ని పెంచే గాజు ప్లేటు మీద పరిచి చూశాను. ఒక్క చుక్క మొలవలేదు. గోడౌనులో ఎన్ని ఎండలు తిన్నదో ఆ పాకెట్, కోట్లాదీ కైలాసానికి పోయాయి.

బతికి ఉన్నా అవి ఎక్కడివో, ఏ నేలవో మనకి తెలీదు. నా ఆలోచన వేరు. అదే చెరువులో, అదే చలిలో, పుండు లేకుండా నిగనిగలాడుతూ తింటున్న చేపలు కొన్ని ఉన్నాయి కదా. వాటి పేగుల్లో ఎవరో మంచివాళ్ళు కాపురం ఉండబట్టే కదా అరుగుతోంది. వాళ్ళని పట్టి, పెంచి, అదే చెరువులో తిననివాటికి పెడితే? ఊరి పెళ్ళికి ఊరి వంటవాడు నయం. ఎంత కారం పడుతుందో వాడికి తెలుసు.

బాగున్న చేపని బతికుండగా తీసుకురమ్మన్నాను. ఆడపడుచు పెయింటు బకెట్లో నీళ్ళు పోసి రెండు శీలావతులని వేసి, మూతకి చిల్లులు పొడిచి, గురజాలలో బస్సెక్కింది. దారి పొడుగునా బస్సంతా పులుసు గురించే మాట్లాడారట. చింతపండు తగ్గించి మామిడికాయ వెయ్యమని ఒకావిడ, తల పారెయ్యొద్దని ఇంకొకాయన. కండక్టరు బకెట్‌కి లగేజీ కొట్టబోతే, నా ఒళ్ళో కూర్చున్నదానికి టిక్కెట్టేందని పిడుగురాళ్ళ దాకా వాదించి గెలిచిందట. నా ఆడపడుచు అనిపించుకుంది.

మా ల్యాబులో బకెట్ దించి, "ఇయ్యిగో వదినా, నీ మొగుడి మేనల్లుళ్ళు" అంది.

మేనల్లుళ్ళలో ఒకణ్ణి స్పిరిట్ దీపం పక్కన కోశాను. కత్తెర మంటలో పెట్టి, పేగు బయటకి తీసి, ఉప్పునీళ్ళతో కడిగి, నూరి, ఆ నీళ్ళని కాసేపు వేడిలో ఉంచాను. వేడికి బలహీనులు పోతారు. గింజలాగా గట్టి పెంకు కట్టుకుని నిద్రపోయే జాతి మాత్రం మిగులుతుంది. నాకు కావాల్సింది అదే, మేతలో కలిపినా తట్టుకుంటుంది కాబట్టి. మిగిలినవాళ్ళని ప్లేట్ల మీద పరిచాను. తల దగ్గర్నుంచి తోక దాకా మిగతా చేపని మా అటెండరు పట్టుకెళ్ళాడు. ఆ మధ్యాహ్నం స్టాఫ్‌రూములో పులుసు వాసన వస్తే ప్రిన్సిపాల్ ఇది సైన్సా క్యాంటీనా అని అడిగారు. రెండూనండీ అన్నాను.

ఆడపడుచు వెళ్ళనంది. ఏదో ఒకటి మొలిస్తే గానీ కదలనని మా ఇంట్లోనే ఉండిపోయింది. మర్నాడు ఇంక్యుబేటర్ తలుపు తీస్తే ప్లేట్ల నిండా మచ్చలు. కొన్ని పాలమీగడ ముడతల్లా, కొన్ని మైనం చుక్కల్లా. వాటిల్లో పిండిని అరిగించేది ఎవరో తెలియాలంటే పిండి కలిపిన ప్లేటు మీద పెంచి, పైన అయోడిన్ పొయ్యాలి. ప్లేటంతా నల్లబడుతుంది, అరిగించేవాళ్ళ చుట్టూ మాత్రం తేటగా వలయం పడుతుంది. నేనది పోసి చూపిస్తే ఆడపడుచు ముక్కు ఆనేంత వంగి చూసింది. మాడిన అట్టుకి చిల్లులు పడ్డట్టుందే, అంది. ఇన్నేళ్ళుగా పిల్లలకి పాఠం చెప్తున్నాను, ఇంత చక్కగా చెప్పినవాళ్ళు ఒక్కళ్ళు లేరు. మార్కులు వేద్దామంటే పిల్ల కాలేజీలో లేదు.

తర్వాత గురజాల నుంచి తెప్పించిన పుండు చేపలోంచి తీసిన చెడ్డవాటిని ప్లేటంతా పరిచి, నడుమ మావాళ్ళని కూర్చోబెట్టాను. మావాళ్ళ చుట్టూ చెడ్డది మొలవలేదు. గీత గీసినట్టు ఆగిపోయింది. అందులో ఒకడికి అందరికంటే పెద్ద వలయం. ఆడపడుచు వాడే కావాలంది. కానీ నెత్తురు కలిపిన ప్లేటు మీద పెట్టి చూస్తే వాడు నెత్తుర్ని కూడా కరిగించేస్తున్నాడు. పారేశాను. అంత బలమైనవాణ్ణి పారేస్తావేందని అది, బలంగా ఉన్నాడని రౌడీని అల్లుణ్ణి చేసుకుంటామా అని నేను. ఆ రోజు అన్నాలు ఆలస్యమయ్యాయి.

చివరికి నెమ్మదస్తులు ఇద్దరు తేలారు. వాళ్ళని పెంచి, మా బాత్రూమ్ తొట్లో కొన్ని చేప పిల్లలకి పెట్టి చూశాం, ఏ హానీ లేదని రూఢి చేసుకోవడానికి. అన్నాళ్ళూ మా ఆయన డాబా మీద పంపు కింద స్నానం చేశాడు. చలికాలం. కట్టుకున్నందుకు ఆ మాత్రం సైన్సుకి సేవ చెయ్యాలి. పిల్లలన్నీ హుషారుగా తిరుగుతున్నాయని చూసుకుని, తేటబెల్లపు నీళ్ళలో పెంచిన ఆ పానకాన్ని ప్లాస్టిక్ క్యానుకి నింపి గురజాల పంపించాను. మేతలో కలిపి పెట్టమని ఫోన్లో మరీ మరీ చెప్పాను.

మర్నాడు అన్నయ్యే ఫోన్ చేశాడు, చానా సంతోషంగా. మళ్ళీ మళ్ళీ పనెందుకని చెరువు శుద్ధికి తెచ్చిన పర్మాంగనేటూ, నేను పంపిందీ, ఒకే డ్రమ్ములో కలిపి చల్లేశాడట.

ఒక్క క్షణం నాకు నోట మాట రాలేదు. మా ఆయన అప్పుడు పక్కనే ఉండి, ఆ అపురూపాన్ని కళ్ళారా చూశాడు. పర్మాంగనేట్ పని పురుగుల్ని చంపడం. నేను పంపింది బతికున్న పురుగులు. నా శీలావతి వంశం మొత్తం గులాబీరంగు డ్రమ్ములో తెల్లారిపోయింది.

ఆ పూటే బస్సెక్కాను. చెరువు గట్టు మీద నిలబడి ఆయన్ని కడిగేశాను. ఆయనకి కోపం రాలేదు, అర్థం కాలేదు. మిరపకి పురుగు మందు, తెగులు మందు, బలం మందు కలిపే కొడతాం గదమ్మా, మనిషి కూలి కలిసొస్తుంది, అన్నాడు. పైగా నన్నే అడిగాడు.

"ఎక్కడన్నా మందు మందుని చంపుద్దా?"

అది మందు కాదు అన్నయ్యా, ప్రాణం, అన్నాను. తల ఊపాడు. మా బీయస్సీ పిల్లలు చివరి బెంచీలో ఊపినట్టు. ఈయన మళ్ళీ కలిపేస్తాడని నాకు తెలిసిపోయింది. తిరునాళ్ళు దగ్గర పడుతున్నాయి. రోడ్డు మీద ప్రభలకి వెదుళ్ళు వేసుకుని లారీలు పోతున్నాయి.

కోపంతో మోటారు కొట్టంలోకి వెళ్ళాను, నా ఖాళీ క్యాను తెచ్చుకుందామని. అక్కడ చూస్తే అది మిరప మందుల డబ్బాల వరసలో, వాటికి తమ్ముడిలా, బుద్ధిగా నిలబెట్టి ఉంది. మూతకి అదే రకం కొలత గ్లాసు తొడిగి ఉంది. ఆయన తప్పేముంది? క్యానులో వచ్చింది. క్యానులో వచ్చిందల్లా కొట్టంలోకి పోతుంది. కొట్టంలోకి పోయిందల్లా డ్రమ్ములో కలుస్తుంది. ఆ ఇంటి శాస్త్రం అది, ఏళ్ళ తరబడి మిరప సేద్యం నేర్పింది. నా ఎమ్మెస్సీ దాన్ని ఒక్క ఫోన్‌తో మార్చగలదా?

ఆలోచిస్తూ వంటింటి వైపు వచ్చాను. ఆ మనిషి ఆ గడప లోపల దేన్నీ ముట్టడు. మజ్జిగ ముంత ఎదురుగా ఉన్నా, "ఏమే, మజ్జిగ" అని కేకేసి చేతికి వచ్చేదాకా కూర్చుంటాడు. ఆవకాయ జాడీ మూత తియ్యాలన్నా స్నానం చేశావా అని పెళ్ళాం అడుగుతుందని భయం.

ఆడపడుచుని పిలిచి, మీ ఇంట్లో పెద్ద మట్టికుండ ఉందా అని అడిగాను.

పద్ధతి మొత్తం మార్చేశాం. పేటనుంచి నేను పంపేది చిన్న సీసాడు తోడు మాత్రమే. దాన్ని వంటింట్లో ఫ్రిజ్‌లో, పాల పక్కన పెడుతుంది. బెల్లం, చెక్కపిండి కలిపిన నీళ్ళు బాగా మరిగించి, సలసల కాగే నీళ్ళతో కడిగిన కుండలో పోసి, గోరువెచ్చన అయ్యాక సీసా ఒంపుతుంది. మూతికి పల్చటి గుడ్డ. అక్వేరియం షాపులో అమ్మే చిన్న గాలి మిషను గొట్టం లోపలికి వదిలితే కుండ గుడగుడమంటూ ఉంటుంది. మర్నాటికి అది నురగ కట్టి తియ్యటి పులుపు వాసన వేస్తుంది. ఆ నీళ్ళని మేతలో పిసికి సంచులకెత్తడమే.

క్యానులో ఉన్నప్పుడు మందు, కుండలోకి రాగానే వంట. అన్నయ్య ఆ కుండ చుట్టూ తిరిగి వెళ్ళేవాడు గానీ వేలు పెట్టలేదు. ఒకసారి దూరం నుంచి, ఉప్పు వేశారా అని అడిగాడట.

కానీ ఆడపడుచుతో ఇంకో తగువు లేచింది. కుండలో అడుగున కాస్త మిగిల్చి, దాంతోనే మళ్ళీ తోడేస్తానంటుంది. పెరుగుకి లేనిది దీనికెందుకు, ప్రతిసారీ నీ సీసా కోసం బస్సు దగ్గర కాపలా కాయాలా, నాకు చాతకాదనుకున్నావా అని. గాలిలోంచి దారినపోయే ప్రతివాడూ కుండలో చేరతాడు, నాలుగోసారికి అందులో మనవాళ్ళెవరో పరాయివాళ్ళెవరో తెలీదని నేను. ఫోన్లో మొదలైంది వీడియో కాల్ దాకా వెళ్ళింది. ఒప్పుకుంది గానీ మనసులో కాదు. రహస్యంగా ఒకసారి తోడేసి చూసుకుందని తర్వాత అన్నయ్య చెప్పాడు. కుండ తెరిస్తే కుళ్ళిన గుడ్డు కంపు. దాన్ని ఎరువు గుంటలో పారబోసి, నాకు ఫోన్ చేసి, వాతావరణం గురించి కాసేపు మాట్లాడి, సీసా ఎప్పుడు పంపుతున్నావని అడిగింది. అంతకంటే స్పష్టంగా అది ఓటమి ఒప్పుకోదు. నేనూ అడగలేదు. అడగకుండా ఉండటం నా జీవితంలో నేను చేసిన పెద్ద త్యాగాల్లో ఒకటి.

కొన్నాళ్ళకి ఒక పొద్దున ఫోటో వచ్చింది. కాఫీ గ్లాసు కాదు. ఖాళీ మేత సంచి. నీళ్ళు కారుతూ, మడతపెట్టిన తువ్వాలులా దాని చేతికి వేలాడుతోంది. కింద ఏమీ రాయలేదు. తర్వాత రోజూ అదే ఫోటో. నేను క్లాసు మధ్యలో చూసుకుని నవ్వుతుంటే, పిల్లలు నాకు జీతం పెరిగిందనుకుని ఉంటారు.

అన్నయ్య మాత్రం చలించలేదు. చలి తగ్గి ఎండ కాస్తంది గదమ్మా, ఎండకి చేప తింటది, నీ కుండదేముంది అన్నాడు. అందులో నిజం ఉంది, నాకు తెలుసు. చలి తగ్గితే చేపకి ఆకలి పుడుతుంది. కానీ ఎదుటివాడి మాటలో నిజం ఉన్నంతమాత్రాన వాదన మానేస్తామా? వాళ్ళ గట్టు అవతల ఇంకో రైతు చెరువుంది. అదే కాలవ నీళ్ళు, అవే పిల్లలు, అదే మేత.

"ఆ చెరువు మీద వేరే సూర్యుడు కాస్తన్నాడా అన్నయ్యా?"

అక్కడ సంచులు ఇంకా సగం బరువుతోనే లేస్తున్నాయి. ఆయన వెళ్ళి చూసొచ్చాడు. చూద్దాం, వల లాగిస్తే తెలుస్తుంది, అన్నాడు. ప్రొక్లెయిన్ అతనికి వద్దని మాత్రం చెప్పలేదు.

తిరునాళ్ళు అయ్యాయి. కొండ దగ్గర ప్రభలు విప్పేశారు. వల లాగే రోజు నేను సెలవు పెట్టి వెళ్ళాను. ఆడపడుచు ఆ ఉదయం నాతో ఒక్క మాట వాదించలేదు. అప్పుడు తెలిసింది నాకు, దానికి ఎంత భయంగా ఉందో. నేను కావాలని దాని కాఫీలో చక్కెర ఎక్కువైందన్నాను. అవునా వదినా అని ఊరుకుంది. నాకూ భయం పట్టుకుంది.

వల మనుషులు ఆ ఒడ్డున దిగి, నీళ్ళని తోసుకుంటూ ఇటు వచ్చారు. వల దగ్గరపడేకొద్దీ నీళ్ళు ఉడికినట్టు కదిలాయి. ముందు ఒక శీలావతి ఎగిరింది. తర్వాత ఇంకొకటి. తర్వాత ఒక్కసారిగా వలంతా ఎగరడం మొదలుపెట్టింది, ఎర్రటి రెక్కలు, వెండి పొట్టలు, ఒడ్డున ఉన్న అందరి మీదా నీళ్ళు. ఒకదాన్ని పట్టి అన్నయ్య చేతిలో పెట్టారు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పాడు, పుండు కోసం వెతికాడు, పొట్ట నొక్కి చూశాడు, మిరపకాయ గుల్లదో గింజదో చూసేవాడిలా. చేప తోకతో ఆయన చెంప మీద ఒక్కటిచ్చింది. ఆడపడుచు పమిట కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆయన చేపని నీళ్ళలోకి వదిలి, చెయ్యి పంచెకి తుడుచుకుని, ఫోన్ తీశాడు. ప్రొక్లెయిన్ అతనికి. "ఆఁ, రేపు పొద్దున్నే వచ్చెయ్" అన్నాడు.

ఆడపడుచు నా చెయ్యి పట్టుకుంది. నేను నోరు తెరిచాను. ఈ మనిషిని చెరువులోకి తోసి మాట్లాడాలా, మాట్లాడి తొయ్యాలా అని ఆలోచిస్తుండగా ఆయన ఫోన్లోనే అన్నాడు. "పూడ్చటానికి కాదురా. వానాకాలానికి ముందే గట్టు ఎత్తు పెంచాలి. కాలవ వైపు బాగా పల్చగా ఉంది, తెగితే చేపలన్నీ పోతయ్."

ఆడపడుచు నా చెయ్యి వదిలి, గట్టు కాలవ వైపు కాదు, మోటారు వైపు పల్చగా ఉందని మొగుడి మీదకి వెళ్ళింది. ఆయన కాలవ వైపే అన్నాడు. ఇద్దరూ గట్టెక్కి అడుగులతో కొలుస్తూ, చేతులూపుతూ అటు వెళ్ళిపోయారు. దాని గొంతు మామూలుగా, కర్కశంగా, చెరువు దాటి వినపడుతోంది. నాకు ఎంత హాయిగా ఉందంటే, వల మనుషులకి చేప పేగు గురించి పాఠం చెప్పడం మొదలుపెట్టాను.

సాయంత్రం అన్నయ్యే బండి మీద నన్ను బస్సు దగ్గరికి తీసుకెళ్ళాడు. దారిలో, సగం నీ కుండ, సగం ఎండ అని ఒప్పుకున్నాడు. సగం ఏంటని నేను. పోనీ ముప్పాతిక అని ఆయన. ఆ మిగిలిన పాతిక దగ్గర ఇద్దరం గట్టిగా పట్టుబట్టి ఉండగా, గురజాల స్టాండులోంచి నరసరావుపేట బస్సు మమ్మల్ని దాటుకుంటూ వెళ్ళిపోయింది.